మూత లేకుండా ఇంటికొచ్చిన గిన్నె

ఆ రోజుల్లో మా వైపు మగపిల్లవాడికి వంట రాకపోవడం లోపం కింద లెక్క కాదు, ఒక రకమైన హోదా. “మావోడికి కాఫీ కలుపుకోవడం కూడా తెలీదమ్మా” అని అమ్మలు ఎదురింటివాళ్లతో చెప్పుకునేటప్పుడు వాళ్ల గొంతులో బాధకంటే మురిపెమే ఎక్కువ వినిపించేది. అల్లూరు దాటి సముద్రం వైపు పోతే, ఒకపక్క వరి మళ్లు, ఇంకోపక్క రొయ్యల గుంటలు ఉండే మా ఊళ్లో నేనూ ఆ హోదాను ఇరవై రెండేళ్లొచ్చేదాకా నిరాటంకంగా అనుభవించాను. డిగ్రీ అయిపోయింది. బ్యాంకు పరీక్షలకు చదువుతున్నానని ఊరంతా అనుకునేది (నేనూ అలాగే అనుకునేవాణ్ణి). వంటింట్లోకి నేను వెళ్లేది రెండే పనులమీద. ఒకటి, ఫ్రిజ్ తలుపు తెరిచి కాసేపు చల్లగాలికి నిలబడడానికి. రెండోది, “ఏం కూరమ్మా?” అని అడిగి, జవాబు నచ్చకపోతే మొహం మాడ్చుకుని బయటికి రావడానికి. అలాంటి నన్ను ఒక్క బకెట్టెడు సబ్బునీళ్లు నెల రోజులపాటు పొయ్యి ముందు నిలబెట్టాయి.

వరి కోతలు మొదలైన రోజులవి. అమ్మ పెరట్లో బట్టలు ఉతికి లేస్తూ, తను పారబోసిన సబ్బునీళ్లమీదే జారి పడింది. నేను పరుగెత్తుకుని వెళ్లేసరికి కుడిచెయ్యి పట్టుకుని కూర్చుని, ముందు బకెట్‌ని, తర్వాత సబ్బుని, ఆ తర్వాత నన్ను తిట్టింది. నెల్లూరు తీసుకెళితే డాక్టరు మణికట్టు విరిగిందని చెప్పి, మోచేతి దాకా సిమెంటు కట్టు వేసి, నెల రోజులు కదపకూడదన్నాడు. అమ్మ ఆ మాట విని “అయ్యో దేవుడా” అనలేదు. వేళ్లమీద ఆదివారాలు లెక్క పెట్టుకుంది. “అయితే కోత పండక్కి ఈ కట్టు ఉంటాదన్నమాట” అంది. డాక్టరుకు అర్థం కాలేదు గానీ నాకూ నాన్నకూ గుండె జారిపోయింది.

కోత పండుగంటే మా చర్చిలో కొత్త పంట దేవుడికి సమర్పించే ఆదివారం. ఆరాధన అయ్యాక ప్రేమ విందు ఉంటుంది. అన్నం చర్చివాళ్లు వండిస్తారు, కూరలు మాత్రం ఇంటికొకటి చొప్పున తెస్తారు. షామియానా కింద బల్లల మీద గిన్నెలన్నీ వరసగా పెడతారు, ఎవరికి ఏది కావాలంటే అది వడ్డించుకుంటారు. పైకి ప్రేమే గానీ లోపల గట్టి పోటీ. విందయ్యాక ఆడవాళ్లు ఇంటికి పోయేటప్పుడు చూడాలి. కూర మిగిలినవాళ్లు గిన్నెమీద మూత పెట్టుకుని, పక్క సందులోంచి గబగబా వెళ్లిపోతారు. ఖాళీ అయినవాళ్లు మూత విడిగా చంకలో పెట్టుకుని, గిన్నెని అందరికీ కనబడేలా పట్టుకుని నడివీధిలో నడుస్తారు. మా అమ్మ చేపల పులుసు తీసుకెళ్లేది. కాపురానికొచ్చిన ఏడాది నుంచీ ఆమె ఒక్కసారి కూడా మూత పెట్టుకుని ఇంటికి రాలేదు. ఎవరైనా మెచ్చుకుంటే మాత్రం “నాదేముందమ్మా, రుచంతా ఆ చట్టిది” అనేది. ఆ మట్టిచట్టి మా నాయనమ్మ ఇచ్చింది. ఏళ్ల తరబడి పులుసు తాగి తాగి నల్లగా, నున్నగా ఉండేది.

కట్టు వేయించుకుని వచ్చిన సాయంత్రమే మైకత్త వచ్చింది. ఆమె నాన్నకు అక్క, రెండిళ్ల అవతల ఉంటుంది. చర్చిలో పాట ఎత్తుకుంటే మైకు ఆపేసినా పొలిమేర దాకా వినబడుతుంది గనక పిల్లలం ఆమెకు ఆ పేరు పెట్టుకున్నాం (ఆమెకు తెలుసు, సంతోషమే). “నువ్వేం దిగులు పడబాక. ఈసారి పులుసు నేనే చేస్తా. నీ పేరు చెప్పుకుందాంలే” అంది. మంచిమాటే. కానీ అమ్మ మొహం సిమెంటు కట్టు కంటే గట్టిపడింది. “నా పేరుమీద ఇంకొకరి కూరా? ఒద్దు వదినా. మావోడు చేస్తాడు” అంది. మైకత్త నన్ను ఎగాదిగా చూసి, ఆ చూపుతోటే వెళ్లిపోయింది. నేను “అమ్మా, నేనా?” అన్నాను. “నీ చెయ్యి, నా నోరు. నెల రోజులుండాదిగా, నేర్చుకోలేవా? బ్యాంకు పరీక్ష కంటే కష్టమా?” అంది. బ్యాంకు పరీక్ష ఎంత కష్టమో నాకు అప్పటికి తెలీదు గనక ఒప్పుకున్నాను.

మర్నాటి నుంచి బడి మొదలైంది. అమ్మ వంటింటి గుమ్మానికి ఎదురుగా మంచం వేయించుకుంది. మొదటి పాఠం అన్నం. “బియ్యం మీద వేలు నిలబెట్టు. నీళ్లు వేలి మొదటి గీత దాకా రావాల” అంది. నిలబెట్టాను, పోశాను. కుక్కర్ మూత తీస్తే లోపల గంజిలో మెతుకులు ఈదుతున్నాయి. అమ్మ వచ్చి చూసి, నా వేలు పట్టుకుని తన వేలి పక్కన పెట్టి, “తాటిచెట్టంత వేలేసుకొని కొలిస్తే ఇంకేమవుద్దిరా? గీతంటే నా వేలి గీత!” అని నెత్తిన మొట్టింది. ఆ రాత్రి నాన్న ఆ జావని చెంచాతో తిని “బాగుంది” అన్నాడు. మా నాన్న రొయ్యల గుంటల దగ్గర సూపర్‌వైజరు. పొద్దున్నే పోయి చీకటి పడ్డాక వస్తాడు. ఏం పెట్టినా తింటాడు, ఏం తిన్నా “బాగుంది” అంటాడు. ఆ నెలలో ఆయన తిన్నవన్నీ తలుచుకుంటే ఇప్పటికీ ఆయన కాళ్లకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

అన్నం కుదిరాక కూరల దగ్గరికొచ్చాం. అక్కడ అసలు చిక్కొచ్చింది. అమ్మకు కొలతలు తెలీవు. కారం ఎంతమ్మా అంటే “తగినంత” అనేది. తగినంత అంటే ఎంతమ్మా అంటే “ఇంత” అంటూ కట్టులో ఉన్న కుడిచేతిని ఎత్తబోయి “అబ్బా” అనేది. పోనీ ఎడమచేత్తో చూపించమంటే, ఆ చెయ్యి ఒకరోజు గుప్పెడు చూపించేది, ఇంకోరోజు చిటికెడు చూపించేది. ఒకసారి గుప్పెడు నమ్మి పప్పులో కారం వేశాను. ముగ్గురం కళ్లనీళ్లు పెట్టుకుని తిన్నాం. నాన్న “బాగుంది” అన్నాడు గానీ ఆ మాట బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. “కుడిచేతిని అడగాల్సిన మాట ఎడమచేతిని అడిగితే అదేం చెప్పుద్దిరా? నేను ఏనాడన్నా చూసి వేసినానా? అదే పడేది” అంది అమ్మ. చివరికి ఒక ఉపాయం కనిపెట్టాం. నేను చెంచాతో కొంచెం కొంచెం వేస్తూ పోవాలి, అమ్మ కళ్లు మూసుకుని వాసన చూస్తూ “ఇంకా... ఇంకా... ఆపు” అనాలి. గుమ్మంలోంచి చూసినవాళ్లకు మేం ప్రార్థన చేస్తున్నామనిపించేదట.

తర్వాత చేపలు కొనడం. గంపామె వీధిలో కేకేస్తే నేను వెళ్లి పెద్దమనిషిలాగా “తాజాయేనా?” అని అడిగాను. “నువ్వు నిద్ర లేవకముందు దాకా సముద్రంలో ఈదతా ఉన్నింది నాయనా” అంది ఆమె. ఎంత చక్కగా చెప్పిందో అని మురిసిపోయి కొనుక్కొచ్చాను. అమ్మ మంచం మీద నుంచే ముక్కు మూసుకుని “అమ్మే మనిషిని అడగబాకరా, చేపని అడుగు. మొప్ప ఎత్తి చూడు, ఎర్రగా ఉంటే సరే, లేదంటే దణ్ణం పెట్టి వచ్చెయ్యి” అని చెప్పింది. ఆ తర్వాత నేను గంపలో ఉన్న ప్రతి చేప మొప్పా ఎత్తి చూడడం మొదలెట్టాను. గంపామె రెండు రోజులు చూసి, మూడోరోజు మా వీధిలో కేకెయ్యకుండానే వెళ్లిపోయింది. అమ్మ కిటికీలోంచి పిలిచి, బతిమాలి, నా తరఫున నచ్చజెప్పాల్సి వచ్చింది.

ఇక పులుసు. మొదటిసారి ముక్కలు వేశాక గరిటె పెట్టి తిప్పాను. చేపలేదు, ముల్లులేదు, అంతా కలిసి పచ్చడయింది. అమ్మ తల పట్టుకుని (ఎడమచేత్తో) “ముక్క పడ్డాక గరిటె ముట్టబాక. గుడ్డతో చట్టి అంచులు పట్టుకొని మెల్లిగా తిప్పు. ఇంకోసారి గరిటె పెడితే చెయ్యి ఇరగ్గొడతా” అంది. “ఇద్దరం కట్లు కట్టుకుంటే నాన్నకి వండేదెవరమ్మా?” అన్నాను. అమ్మకు నవ్వొచ్చింది. నవ్వితే చెయ్యి కదిలి నొప్పి పుట్టింది, నొప్పికి నన్ను తిట్టింది, తిట్టి మళ్లీ నవ్వింది. చదువు పేరుతో నా గది తలుపేసుకున్న అన్నేళ్లలో మేమిద్దరం అంతసేపు కలిసి కూర్చున్నది లేదు. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు. అప్పుడు నా ధ్యాసంతా ముల్లు విరగని ముక్కమీద ఉండేది.

అన్నిట్లోకీ నేను బాగా నేర్చుకున్నది గిన్నెలు తోమడం. “తోమితే అందులో నీ మొహం కనపడాల” అని అమ్మ చెప్పిన మాటని నేను ఒక వ్రతంలా పట్టుకున్నాను. నిమ్మకాయ వాసన వచ్చే సబ్బు, స్టీలు పీచు, నేను. గిన్నెలు, గరిటెలు, టీ వడపోసే జల్లెడ, దేన్నీ వదల్లేదు, పులుసు చట్టిని తప్ప. దాన్ని రాత్రిపూట నాన్నే కడిగి పైన పెట్టేసేవాడు. “చూసి నేర్చుకో వదినా, పనిమనిషి కూడా ఇంత తెల్లగా తోమదు” అని అమ్మ మైకత్త ముందు నన్ను పొగిడింది కూడా. ఆ పొగడ్తే కొంప ముంచింది.

పండక్కి ముందు రోజు, శనివారం. పులుసు ముందురోజు చేసి, రాత్రంతా ఊరనిచ్చి, మర్నాడు తింటేనే మా వైపు దాన్ని పులుసంటారు. వంజరం చేప తెచ్చాను, మొప్ప ఎర్రగా ఉంది. పచ్చి మామిడికాయ కోశాను. చింతపండు నానబెట్టాను. అమ్మ చట్టి దించమంది. దించి చూస్తే నల్లగా, అంచులనిండా ఏళ్లనాటి మడ్డి. పండగపూట ఇలాంటిది పట్టుకెళితే నా పేరేం కాను? సబ్బు తీశాను, పీచు తీశాను. గంటసేపు రుద్దాను. రుద్దిన కొద్దీ నలుపు వదిలి, అడుగున ఎర్రటి మట్టి బయటపడింది. కొత్త చట్టిలా మెరిసింది. (ఈల కూడా వేసినట్టు గుర్తు.) పొయ్యిమీద పెట్టి నూనె పోశాను. నూనె చిటపటలాడడానికి బదులు బుడగలు కట్టింది.

మంచం మీద నుంచి అమ్మ గొంతు వినబడింది. “ఏందిరా అది, నిమ్మకాయ వాసన? మనం వేసేది మామిడికాయ గదా?”

నేను గర్వంగానే చెప్పాను. “చట్టి తోమినానమ్మా. మొహం కనపడకపోయినా ఎర్రగా వచ్చింది.” అమ్మ లేచి వచ్చింది. పొయ్యిమీద చట్టిని చూసింది. అందులో తేలుతున్న నురగని చూసింది. తిట్టలేదు. గోడకు ఆనుకుని అలాగే కింద కూర్చుండిపోయింది. మట్టి సబ్బుని పీల్చుకుంటుందనీ, చేపల చట్టిని వేణ్నీళ్లతో, శనగపిండితో తప్ప కడగరనీ మా వైపు పిల్లలకు కూడా తెలుసట. ఎవరూ చెప్పకపోవడానికి కారణం కూడా అదే, అది చెప్పాల్సిన విషయమని ఎవరికీ తోచకపోవడం. సరిగ్గా అదే సమయానికి మైకత్త గుమ్మంలో నిలబడింది. జరిగింది చూసి “అయ్యయ్యో, మా అమ్మ చట్టి!” అని ఒక్క కేకేసింది. మూడు వీధులకు కబురందింది. “ఇప్పటికైనా నా మాటిను. మా ఇంట్లో చట్టుండాది, నేను చేసుకొస్తా.”

అమ్మ లేచి నిలబడి “ఒద్దులే వదినా” అని, నావైపు తిరిగి “పెద్ద స్టీలు గిన్నె తియ్యి. కింద పెనం పెట్టి, దానిమీద గిన్నె పెట్టు, అడుగంటకుండా” అంది. మైకత్త వెళ్లేదాకా ఆగి నేను మెల్లిగా అడిగాను. “రుచంతా చట్టిదేనంటివే, ఇప్పుడెట్టా?” అమ్మ చిరాగ్గా చూసింది. “అది జనానికి చెప్పే మాటరా. గమ్మున కారం తియ్యి.” ఆ పూట ఆమె “ఇంకా... ఇంకా... ఆపు” అంటుంటే ఆ గొంతులో భయం నాకు వినబడింది. నేను గిన్నె అంచులు పట్టుకుని, ఊపిరి బిగబట్టి తిప్పాను. ఒక్క ముక్క కూడా విరగలేదు.

ఆదివారం బల్లమీద మా స్టీలు గిన్నె మిగతా గిన్నెల మధ్య అనాథలా నిలబడింది. జనం అలవాటు ప్రకారం నల్లచట్టి కోసం వెతికి, కనబడక, కోడికూర వైపు తిరిగారు. అమ్మ చెయ్యి మెడకు కట్టుకుని ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, వచ్చినవాళ్లకు వందనాలు చెబుతోంది గానీ కళ్లన్నీ ఆ గిన్నెమీదే ఉన్నాయి. అంతలో మైకత్త, సాయం చేద్దామనే పాపం, “పులుసు ఆ స్టీలు గిన్నెలో ఉండాది! అబ్బాయి చేసినాడు!” అని ప్రకటించింది. గిన్నె దాకా వచ్చిన ఒకరిద్దరు కూడా ఆ మాట విని మర్యాదగా వెనక్కి వెళ్లారు. నాకు బల్ల కింద దూరిపోదామనిపించింది. తను చేసిన నష్టం మైకత్తకు అర్థమైనట్టుంది. పళ్లెం తీసుకుని, గరిటెడు పులుసు పోసుకుని, అన్నంలో కలిపి నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఏమీ మాట్లాడలేదు. (మైకత్త మాట్లాడకపోతే జనం భయపడి చూస్తారు, అప్పుడూ చూశారు.) రెండో గరిటె పోసుకుంది. అప్పుడు నోరు తెరిచింది. “ఏమ్మా, ఇది నీ పులుసే గదమ్మా! చట్టి చట్టి అని ఇన్నాళ్లూ మమ్మల్ని బాగా నమ్మించినావే!”

ఆ తర్వాత నాకు తెలిసిందల్లా తోపులాటే. అయ్యగారు, అంటే మా పాస్టరు, వచ్చేసరికి గిన్నె అడుగు కనబడుతోంది. ఎవరో అన్నం వేసి ఆ అడుగు కూడా ఊడ్చుకుపోయారు. ఆడవాళ్లంతా అమ్మ చుట్టూ చేరి “ఇంకేమమ్మా, కొడుకు చేతికొచ్చినాడు. ఇక నువ్వు కాలుమీద కాలేసుకొని కూర్చో”, “వచ్చే ఏడు కూడా వాడితోనే చేయించు” అని ఆటపట్టించారు. అమ్మ నవ్వింది. నేను మూత చంకలో పెట్టుకుని, ఖాళీ గిన్నె చేత్తో పట్టుకుని, నడివీధిలో, అదీ చుట్టు దారిలో ఇంటికి నడిచాను. బ్యాంకు ఉద్యోగం వచ్చిన రోజు కూడా నేను అలా నడవలేదు. వెనకాల అమ్మ ఏమీ మాట్లాడకుండా వస్తోందని మాత్రం నేను గమనించలేదు.

ఇంటికొచ్చాక “బాగా చేసినావులే” అని, గోడవైపు తిరిగి పడుకుంది. మర్నాడు కూరలోకి ఉప్పెంతమ్మా అంటే “నీకు తెలుసుగా, నువ్వే చూసుకో” అంది. బియ్యం కొలిచేటప్పుడు చూడలేదు. తెచ్చిన చేప మొప్ప ఎర్రగా ఉందా అని అడగలేదు. మంచం కూడా గుమ్మం ఎదురుగా నుంచి లోపలి గదిలోకి మార్పించుకుంది. చెయ్యి నొప్పేమో అనుకుని మాత్ర ఇచ్చాను, వేసుకుంది. ఆ రాత్రి నాన్న అన్నం తింటూ, లోపలి గదివైపు ఒకసారి చూసి, చాలా మెల్లగా అన్నాడు. “రెండు రోజులుగా మీ అమ్మ గొంతు వినపడలేదురా ఈ ఇంట్లో.” నేను “అంతా బాగానే చేస్తుండానే నాన్నా” అన్నాను. నాన్న నావైపు జాలిగా చూశాడు. “అదేరా నేను చెప్పేది. ఏదో ఒకటి చెడగొట్టు.”

అప్పుడు వెలిగింది నాకు. ఆ నెల రోజులూ అమ్మ తన నోరే తన చెయ్యి అనుకుంది. ఆదివారం ఆ గిన్నె ఖాళీ కావాలని ఆశపడింది, ఖాళీ అయింది. అయితే ఇక తనెందుకు? ఆ మాట అడగడానికి నామోషీ, మింగడానికి బాధ. నడివీధిలో నేను ఊరేగించింది నా గొప్ప అనుకున్నాను గానీ, అందులో అమ్మ దిగులు కూడా ఉందని నాకు తట్టనే లేదు.

మర్నాడు చారు పెట్టాను. ఉప్పు వేశాను. మళ్లీ వేశాను. ఎందుకైనా మంచిదని ఇంకోసారి వేశాను. నాన్న ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, జీవితంలో మొట్టమొదటిసారి, వీధికి వినబడేలా “ఏం బాలేదు!” అన్నాడు. లోపలి గదిలో మంచం కిర్రుమంది. అమ్మ జుట్టు ముడేసుకోబోయి, ఒంటిచేత్తో కుదరక, అలాగే వచ్చి, చారు వేలితో నాకి, “ఓరి నీ పాసుగాల! సముద్రం తెచ్చి పొయ్యిమీద పెట్టినావా ఏందిరా? నెల రోజులు నేర్పిస్తే ఇదా? వాళ్ల మాటలిని నేను కాలుమీద కాలేసుకొని కూర్చుంటే ఈ ఇంట్లో మనుషులు మిగిలేటట్టు లేరే!” అని మొదలెట్టింది. ఆ తిట్లలో ఎంత హాయి ఉందో చెప్పలేను. మంచం మళ్లీ గుమ్మం దగ్గరికొచ్చింది. నాన్న ఆ చారులో ఇన్ని నీళ్లు పోసుకుని ఆఖరి మెతుకు దాకా తిన్నాడు.

ఇప్పుడు మా ఇంట్లో ఆదివారం వంట నాది. పోయిన వారం పొయ్యి దగ్గరికెళ్లేసరికి మా అమ్మాయి అప్పటికే అక్కడుంది. ఆమ్లెట్ వేస్తోంది. “నూనె కాగిందా? మంట తగ్గించు. ఉల్లిపాయ సన్నగా...” అన్నాను. “నాన్నా, నాకు తెలుసు. నువ్వెళ్లి కూర్చో” అంది, తల కూడా తిప్పకుండా. వెళ్లి హాల్లో కూర్చున్నాను. పేపరు తిరగేశాను. పళ్లెం తెచ్చి ముందు పెట్టింది. బంగారు రంగులో, ఎక్కడా చిరగకుండా, చక్కగా వచ్చింది. “ఎలా ఉంది నాన్నా?” అని అడిగింది. “బాగుంది” అన్నాను. బాగానే ఉంది మరి. ఒక పక్క కాస్త మాడి ఉంటే ఇంకా బాగుండేదని మాత్రం పైకి అనలేదు.